అల్లం టీ సెంటూ, మా అమ్మ ముక్కూ

ముందే చెప్పేస్తున్నా, నాకు సెంట్ల గురించి తెలిసింది తక్కువ. ఇంజినీరింగ్ నాలుగేళ్ళూ హాస్టల్లో నేను వాడిన ఒకే ఒక్క సెంటు మా రూమ్మేటుది, అదీ వాడికి తెలీకుండా. ఉద్యోగం వచ్చాక డియోడరెంటు సొంతంగా కొనుక్కునే స్థాయికి ఎదిగాను, అంతే. అలాంటి నేను ఒక సెంటు చుక్క మణికట్టు మీద వేసుకుని, పొద్దున్నుంచి రాత్రి దాకా గంటగంటకీ వాసన చూసి ఎక్సెల్ షీట్లో రాసుకునే దశకి ఎలా చేరానో చెప్పాలంటే 2022 సంక్రాంతి దగ్గర మొదలెట్టాలి.

అప్పటికింకా వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని తెనాలిలో మా ఇంట్లోనే ఉన్నాను. ఫ్రాన్సులో ఆన్‌సైట్ ఉద్యోగం వెలగబెడుతున్న నా క్లాస్‌మేటు పండక్కి ఊరొచ్చాడు. చాక్లెట్లు చుట్టాలకే అయిపోయాయట, నా చేతిలో ఒక బుల్లి సీసా పెట్టాడు. 2 మిల్లీలీటర్లు. చిన్నపిల్లల చుక్కల మందు సీసా కూడా దీనికంటే పెద్దది. పేరు 'టీ ఫర్ టూ'. లార్టిజాన్ పర్ఫ్యూమర్ అనే ఫ్రెంచి కంపెనీది, 2000లో ఒలీవియా జాకోబెట్టి అనే ఆవిడ తయారుచేసింది.

"నీకు టీ పిచ్చి కదరా, పూసుకో," అన్నాడు.

టీ తాగుతారు గానీ పూసుకోవడమేంటి? అనుకున్నా. అయినా ఊరికే వచ్చింది కదా, మర్నాడు పొద్దున్నే స్నానం చేసి ఓ చుక్క ఎడం మణికట్టు మీద వేసుకున్నా.

మొదటి నిమిషం: ఏమీ లేదు, స్పిరిట్ వాసన. ఇంజెక్షన్ చేసేముందు దూదితో రుద్దుతారే, అది.

రెండో నిమిషం నుంచి పదిహేను నిమిషాల దాకా: నిమ్మజాతి వాసన. మన నిమ్మకాయ కాదు, నారింజ తొక్క నలిపినట్టు, కొంచెం చేదు కలిసినట్టు. దాని పేరు బెర్గమాట్. ఇటలీ దక్షిణపు కొసన కలాబ్రియా అనే చోట ఎక్కువగా పండే కాయ. తినడానికి అంత పనికిరాదు, అంతా తొక్కలోని నూనె కోసమే. ఎర్ల్ గ్రే టీ అని హోటళ్ళలో ఇస్తారు చూడండి, అందులో కలిపేది ఈ నూనే. అంటే టీకీ నిమ్మజాతికీ సంబంధం ఈ సెంటు కలిపింది కాదు, పాత చుట్టరికమే.

అరగంటకి: పొగ! నిజంగా పొగ. చీనాలో ఫుజియాన్ అనే రాష్ట్రంలో లాప్సాంగ్ సుషాంగ్ అని ఒక టీ చేస్తారు. ఆకుని పైన్ కట్టెల మంట మీద, ఆ పొగలోనే ఆరబెడతారు. ఈ సెంటులో చూపించేది ఆ టీని. నాకు మాత్రం మా అమ్మమ్మగారింట్లో కట్టెల పొయ్యి మీద కాచిన టీ గుర్తొచ్చింది. ఆ టీలో ఎప్పుడూ పొగచూరిన రుచి ఉండేది. అది దోషం అనుకునేవాళ్ళం అప్పట్లో. ఇదిగో, దాన్ని సీసాలో పోసి ప్యారిస్‌లో అమ్ముతున్నారు.

గంట, గంటన్నరకి: అల్లం, దాల్చినచెక్క. పొగ వెనక్కి జరిగింది.

నాలుగు గంటలకి: బెల్లం పాకం, తేనె లాంటి తీపి. టీ ఎక్కడో అడుగున ఉంది.

ఎనిమిది గంటలకి: ముక్కు చర్మానికి ఆనిస్తే తప్ప తెలీని వెనిల్లా.

అరె, ఒకే చుక్క కదా! పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి ఎలా అయ్యింది? మీకూ ఈ అనుమానం ఎప్పుడైనా వచ్చిందా?

నాకొచ్చిన సమాధానం ఇదీ. సెంటు అంటే సారాయిలో కరిగించిన పదుల కొద్దీ పదార్థాల గుంపు. అన్నీ ఒకేసారి బయల్దేరతాయి కానీ ఒకే వేగంతో ఎగిరిపోవు. సారాయి మరిగేది 78 డిగ్రీల దగ్గర. నారింజ తొక్కలోని లిమొనీన్ 176 దగ్గర. బెర్గమాట్‌లోనూ ఎన్నో పువ్వుల్లోనూ ఉండే లినలూల్ 198 దగ్గర. లవంగంలోని యూజినాల్ 254. వెనిల్లాకి వాసననిచ్చే వెనిలిన్ 285. మన చర్మం 32, 33 డిగ్రీలే కాబట్టి అక్కడ ఏదీ మరగదు. దండెం మీద తడిబట్ట ఆరినట్టు ఆరుతుంది, అంతే. కానీ త్వరగా మరిగేది మామూలుగా త్వరగానే ఆరుతుంది కూడా.

ఇంకా తేలిగ్గా చెప్పాలంటే పెళ్ళిల్లు అనుకోండి. నిమ్మజాతి వాళ్ళు ఆఫీసు కొలీగులు. మంచి బట్టలేసుకుని వస్తారు, సందడి చేస్తారు, అక్షింతలు వేసి వెళ్ళిపోతారు. మసాలా దినుసులు దూరపు చుట్టాలు, భోజనాలయ్యే దాకా ఉంటారు. తేనె, వెనిల్లా ఏమో మేనత్తలు, పిన్నులు. షామియానా విప్పి గిన్నెలు లెక్కపెట్టే దాకా కదలరు. పొద్దున పెళ్ళికీ రాత్రి పెళ్ళికీ తేడా కొత్తవాళ్ళు వచ్చినందువల్ల కాదు, ఉన్నవాళ్ళు వెళ్ళిపోయినందువల్ల. సెంటు మారదండీ, తరుగుతుంది. ఆ తరుగుదలని అందంగా ఉండేట్టు ముందే లెక్కేసుకోవడమే సెంటు చేసేవాళ్ళ పనితనం.

చర్మాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. నూనె చర్మం వాసనని పట్టి ఉంచుతుంది, పొడి చర్మం త్వరగా వదిలేస్తుంది. మణికట్లు రెండూ రుద్దితే అణువులు నలిగిపోతాయని కొందరు చెప్తారు, అదంతా ఉత్తిదే, అణువులేం గోరుచిక్కుడు కాయలు కావు. రుద్దితే వేడికి పైపై వాసనలు కాస్త ముందే ఎగిరిపోతాయంతే.

సరే, చర్మాన్ని బట్టి మారుతుందంటే రెండో చర్మం కావాలి కదా టెస్టింగుకి! మా నాన్నని అడిగితే "నాకు సెంట్లేందిరా, నలుగురూ నవ్వుతారు," అన్నారు. ఇంక మిగిలింది అమ్మ.

అసలు నేను చెప్పాలనుకున్నది ఇప్పుడొచ్చింది.

పొద్దున పదింటికి అమ్మ ఎడం మణికట్టు మీద ఒక చుక్క వేశాను. "ఏందిరా ఇది, ముసలితనంలో నాకు సెంటు పూస్తున్నావ్?" అని నవ్వింది. అప్పుడే అడిగా, ఎలా ఉందమ్మా అని. "బాగుందిరా" అంది. పదకొండింటికి అడిగా, "బాగుంది". నా షీట్లో అమ్మ కాలమ్ నిండా బాగుంది, బాగుంది అని రాసుకున్నా. ఒంటిగంటకి వంటయ్యాక కత్తిపీట ముందు కూర్చుని సాయంత్రం కూరకి బెండకాయలు తరుగుతోంది. "ఇప్పుడు ఏం వాసనొస్తోందో సరిగ్గా చెప్పు, రాసుకోవాలి," అన్నా. చెయ్యి ఎత్తి గట్టిగా పీల్చింది.

"టీ వాసనరా. అల్లం టీ. ఘుమఘుమలాడిపోతోంది."

"అమ్మా, నేను పూసింది ఎడం చేతికి."

తను వాసన చూసింది కుడి చెయ్యి.

కాసేపు ఏమీ మాట్లాడలేదు. మళ్ళీ బెండకాయలు తరగడం మొదలుపెట్టింది. నాలుగు కాయలు తరిగాక, తలెత్తకుండానే, "మీ నాన్నకి చెప్పబాక," అంది.

2021 మేలో, ఆ రెండో వేవులో, మా ఇంట్లో ముగ్గురికీ కోవిడ్ వచ్చింది. నాకూ అమ్మకీ వాసన పోయింది. నాకు రెండు వారాల్లో వచ్చేసింది. అమ్మని అడిగితే తనకీ వచ్చేసిందంది. మేము నమ్మాం. నమ్మడమేంటి, మళ్ళీ అడగనేలేదు. ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలలూ నేను అదే ఇంట్లో, వంటింటి గోడకి అవతల పక్కనే కూర్చుని, ఎక్కడో అమెరికాలో ఉన్న సర్వర్లకి ఏం జబ్బు చేసిందో లాగులు చూసి కనిపెడుతున్నా. జీతం కూడా తీసుకుంటున్నా దానికి.

లాగులన్నీ మా ఇంట్లోనూ ఉన్నాయి మరి. అమ్మ టీలో అల్లం పెరిగిపోయింది. నాన్న "ఇది టీయా కషాయమా" అని విసుక్కునేవారు. పాలు రెండు మూడు సార్లు అడుగంటి గిన్నె మాడిపోయింది. అమ్మకి వయసు మీద పడుతోంది అనుకున్నాం. అన్నిటికంటే పెద్దది, ఆ డిసెంబర్లో పాలు పొంగి స్టవ్ ఆరిపోయి గ్యాస్ లీకైంది. అమ్మ అక్కడే గట్టు మీద చపాతీపిండి కలుపుతోంది. బయట్నుంచి వచ్చిన నాన్న గుమ్మంలోంచే కేకలేసి సిలిండర్ కట్టేశారు. "జలుబు చేసింది, తెలీలేదు" అంది అమ్మ. నేను హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగులో ఉన్నాను, నాకు గొడవ అయిపోయాక తెలిసింది. గ్యాస్‌కి అసలు వాసన ఉండదు, లీకైతే తెలియాలనే ఇథైల్ మెర్కాప్టాన్ అనే కంపు పదార్థాన్ని కావాలని కలుపుతారు. దేశం మొత్తానికి పెట్టిన ఆ అలారం మా వంటింట్లో మాత్రం పనిచేయట్లేదన్నమాట.

"చెప్పొచ్చుగా అమ్మా," అన్నాను.

"వంట చేసేదానికి ముక్కు లేదంటే మీరు సరిగ్గా తింటారా? ప్రతి ముద్దకీ అనుమానమే. అదీగాక రేపొస్తుంది ఎల్లుండొస్తుంది అనుకున్నా."

మరి వంటెలా చేస్తున్నావంటే చెప్పింది. పోపు ఆవాల చప్పుడుని బట్టి. ఉల్లిపాయలు రంగుని బట్టి. చారు మరుగుని బట్టి. పచ్చడి అయితే నిరుడు వేసిన కొలతలే. ఒక్క టీ దగ్గరే తేడా వచ్చింది. "అల్లం ఒక్కటే నాలిక్కి తెలుస్తోందిరా. అదీ, ఘాటు తెలుస్తోంది గానీ అల్లం తెలియట్లా."

ఈ మాట నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత చదివితే తెలిసింది, అమ్మ చెప్పింది అక్షరాలా సైన్సే. వాసన వెళ్ళే నరం వేరు, ఘాటు వెళ్ళే నరం వేరు. అల్లం ఘాటు జింజెరాల్ అనే పదార్థానిది. దాన్ని మోసుకెళ్ళేది ముఖానికి స్పర్శా నొప్పీ తెలియజేసే ట్రైజెమినల్ నరం. ఆ దారి మూసుకుపోలేదు. అందుకే అమ్మ అల్లం పెంచుకుంటూ పోయింది, టీలో ఏదో ఒకటి ఉందని తెలియడానికి. సెంటులో వాడే అల్లం నూనె దీనికి సరిగ్గా తిరగేసిన కథ. ఆవిరి పట్టి తీస్తారు కాబట్టి వాసన పదార్థాలు వస్తాయి, ఘాటు అడుగునే మిగిలిపోతుంది. నా చేతిమీద ఘాటు లేని అల్లం, అమ్మ గ్లాసులో వాసన లేని అల్లం. ఒకే ఇంట్లో.

నాన్నకి ఆ రాత్రే చెప్పేశాను. అమ్మ మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నాన్న మాత్రం ఏమీ అనకుండా మర్నాడు బజారుకెళ్ళి గ్యాస్ లీకైతే కూత పెట్టే డిటెక్టర్ ఒకటి తెచ్చి గోడకి కింది భాగంలో బిగించారు. వంటగ్యాస్ గాలికంటే బరువు, కిందే పేరుకుంటుంది. ఆయన ప్రేమ చూపించే పద్ధతి ఎప్పుడూ ఇలా డ్రిల్లింగ్ మెషీన్‌తోనే ఉంటుంది.

గుంటూరులో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. కోవిడ్ ఎక్కువగా దెబ్బతీసేది వాసన నరాల్ని కాదనీ, వాటిని ఆనుకుని కాపాడే కణాల్ననీ చెప్పారు. వాసన నరకణాలు జీవితమంతా కొత్తవి పుడుతూనే ఉంటాయట, అందుకని ఆశ ఉందన్నారు. మందు అంటూ పెద్దగా లేదు, ముక్కుకి ఎక్సర్‌సైజు చేయించమన్నారు. జర్మనీలో డ్రెస్డెన్‌లోని థామస్ హుమ్మెల్ అనే ఆయన బృందం 2009లో ప్రచురించిన పద్ధతి. నాలుగు వాసనలు, రోజుకి రెండుపూటలా, పన్నెండు వారాలు. ఏ నాలుగు అంటారా? గులాబి, నీలగిరి, నిమ్మ, లవంగం.

నాకు నవ్వొచ్చింది. జర్మనీ వాళ్ళు కనిపెట్టిన కిట్టు మొత్తం మా ఇంట్లోనే ఉంది. పెళ్ళిలో చల్లగా మిగిలిన పన్నీరు పనిచేయలేదు గానీ గులాబి నూనె బజార్లో దొరికింది. నీలగిరి తైలం తలనొప్పి డబ్బాల పక్కనుంది, లవంగ నూనె నాన్న పంటినొప్పిది, నిమ్మకాయలు పెరట్లో. నాలుగు చిన్న సీసాల్లో దూది పెట్టి లేబుళ్ళు అంటించాను. ఒక్కోటీ ఓ ఇరవై సెకన్లు. పీల్చేటప్పుడు ఆ వాసన ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలి. అమ్మ లవంగం పట్టుకుంటే వాళ్ళమ్మ తాంబూలం, నీలగిరి పట్టుకుంటే నాకు చిన్నప్పుడు పట్టిన ఆవిరి అని పైకే చెప్పేది. పీల్చేది ఏమీ లేని గాలి, చెప్పేది అరవై ఏళ్ళ కబుర్లు.

మొదటి నెల, సున్నా. షీట్లో సున్నాలు వేస్తూ నాకే విసుగొచ్చింది, అమ్మ మానలేదు. రెండో నెల చివర్లో నీలగిరి దగ్గర "చల్లగా ఏదో" అంది. అది వాసనో, ఆ ట్రైజెమినల్ నరం పనో చెప్పలేం, నీలగిరికి చల్లదనం ఉంది కాబట్టి. మూడో నెలలో లవంగం. ఈసారి కళ్ళు మూయించి నాలుగు సీసాలూ కలిపేసి ఇచ్చా. ఐదుసార్లలో నాలుగుసార్లు లవంగాన్ని పట్టుకుంది. అదే వారంలో కాఫీ చెడిపోయింది, అంటే అమ్మ ముక్కుకి. మంచి ఫిల్టర్ కాఫీ కాలిన టైరులా ఉందని గ్లాసు పక్కన పెట్టేసింది. ఇలా తప్పుగా తెలియడం కూడా తిరిగొచ్చే దారిలో కనిపించే మజిలీయేనని డాక్టరుగారు చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే భయపడేవాళ్ళం.

ఈ ఎక్సర్‌సైజు వల్లే వచ్చిందా, దానంతట అదే వచ్చిందా అని మీరడగొచ్చు. నేను చెప్పలేను. పోల్చి చూడ్డానికి రెండో గ్రూపు కావాలి, మా ఇంట్లో అమ్మ ఒక్కతే.

ఆ ఆగస్టులో ఆఫీసుకి రమ్మని పిలుపొచ్చి హైదరాబాద్ బయల్దేరాను. బట్టలు సర్దుకుంటుంటే ఆ బుల్లి సీసా దొరికింది, అడుగున రెండు మూడు చుక్కలున్నాయి. అమ్మే ఎడం చెయ్యి చాపింది. ఈసారి నేనేం అడగలేదు, గంటలూ గుర్తుచేయలేదు. మొదటి పదినిమిషాల నిమ్మ వాసనకి ఏమీ అనలేదు. అల్లం దగ్గరా ఏమీ అనలేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర, పెరుగన్నం కలుపుతూ ఆగిపోయి, ఎడం చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఒరేయ్, ఇది మా అమ్మ పొయ్యి కదరా."

నా ముక్కుకి అప్పటికి పొగ ఎప్పుడో పోయి తేనె మాత్రమే మిగిలింది. అమ్మ ముక్కుకి ఇంకా పొగే ఉందేమో, లేక తెలిసిన ఒకటి రెండు తీగల్నుంచి మిగతాది జ్ఞాపకం అల్లుకుందేమో. షీట్లో ఏం రాయాలో తెలీక ఆ గడి ఖాళీగా వదిలేశా. ఇప్పటికీ ఖాళీగానే ఉంది.

ఇప్పుడెలా ఉందంటారా? పూర్తిగా రాలేదు. గులాబి ఇంకా తెలీదు, మల్లెలు సగం. కాఫీ మళ్ళీ కాఫీ అయ్యింది. టీలో అల్లం తగ్గింది, నాన్న ఇప్పుడు "ఏంటీ, నీళ్ళలా ఉంది" అంటున్నారు. డిటెక్టర్ గోడకే ఉంది, ఏడాదికోసారి నేను ఊరెళ్ళినప్పుడు టెస్ట్ బటన్ నొక్కి చూస్తాను. ఫోన్లో "బాగున్నావా" అని అడగడం మానేశాను. దానికి వచ్చే సమాధానం ఎప్పుడూ ఒకటే కదా. ఇవాళ దేని వాసనొచ్చింది అని అడుగుతాను.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు సంగతి. అమ్మ పూజగదిలో ఉంది, నేను వరండాలో పేపరు చదువుతున్నా. ఉన్నట్టుండి లోపల్నుంచి కేక.

"ఒరేయ్, పాలు మాడుతున్నాయ్, స్టవ్ కట్టెయ్!"

పరిగెత్తా. మా స్టవ్ ఆరిపోయే ఉంది, గిన్నెలో పాలు కూడా లేవు. కిటికీ తీసి చూస్తే పక్కింటి పిన్నిగారు మాడిన గిన్నె పట్టుకుని పంపు దగ్గర తోముకుంటున్నారు.

నేను నవ్వుతూ వెనక్కొచ్చి చెప్తే, అమ్మ పువ్వులు పెడుతూనే, "ఆవిడ పాలెప్పుడూ అంతే, పొయ్యి మీద పెట్టి సీరియల్ చూస్తుంది," అంది.